జాలి చాలదు, జీతం కావాలి

1993లో చెన్నైలో పాతికేళ్లు నిండని ఇద్దరు యువతులకు మతిస్థిమితం లేక వీధిలో తిరుగుతున్న ఓ మహిళ కనిపించింది. ఆమెను చేర్చుకునే చోటు నగరంలో దొరకలేదు. వందనా గోపీకుమార్, వైష్ణవీ జయకుమార్ తామే ఓ ఆశ్రయం తెరిచారు. అదే ‘ది బాన్యన్’ సంస్థ.

ఆ పని ఆశ్రయంతో ఆగలేదు. 2011లో కేంద్రం నియమించిన మానసిక ఆరోగ్య విధాన బృందంలో వందన సభ్యురాలయ్యారు. 2014 అక్టోబరులో దేశానికి తొలి మానసిక ఆరోగ్య విధానం వచ్చింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ మనవడైన ఐఏఎస్ అధికారి కేశవ్ దేశిరాజు కొత్త మానసిక ఆరోగ్య చట్టం కోసం పట్టుబట్టి పనిచేశారు. 2014 ఫిబ్రవరిలో ఆయన్ను ఆరోగ్య శాఖ కార్యదర్శి పదవి నుంచి తప్పించి వేరే శాఖకు పంపినా, 2017లో ఆ చట్టం పార్లమెంటు ఆమోదం పొందింది. వీధి అనుభవం, సచివాలయ అనుభవం కలిస్తేనే ఇలాంటి చట్టాలు పుడతాయి.

ఇంటివాళ్లు రాలేదన్న కారణంతో నయమైన మనిషిని ఆస్పత్రిలోనే ఉంచేయకూడదని ఆ చట్టం చెబుతోంది. మరి ఎక్కడికి పంపాలి? బాన్యన్ ‘హోమ్ ఎగైన్’ పేరుతో ఒక దారి చూపింది. మామూలు వీధిలో ఓ అద్దె ఇల్లు. అందులో నలుగురైదుగురు కలిసి ఉంటారు. కూరగాయలు వాళ్లే తెచ్చుకుంటారు, వంట వాళ్లే చేసుకుంటారు. తోడుగా ఓ కార్యకర్త ఉంటుంది. ఇలాంటి ఇల్లు నిలబడాలంటే యజమానిని ఒప్పించాలి, ఇరుగుపొరుగు భయం పోగొట్టాలి, ఆధార్ తీయించాలి, బ్యాంకు ఖాతా తెరిపించాలి, పింఛను కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలి, మాత్రలు వేళకు అందేలా చూడాలి. శిక్షణ, ఓపిక, ఏళ్ల అనుభవం కావలసిన వృత్తి ఇది. తీరిక దొరికినప్పుడు చేసే సేవతో ఇది నడవదు.

అయినా మనవాళ్ల దృష్టిలో ఇది పుణ్యకార్యం. పుణ్యానికి జీతమేమిటన్న ధోరణి దాతల్లోనూ ఉంది, ప్రభుత్వాల్లోనూ ఉంది. అన్నదానానికి డబ్బిచ్చే చేయి కార్యకర్త జీతం దగ్గరికొచ్చేసరికి ముడుచుకుంటుంది. చదువుకున్న పిల్లలు రెండేళ్లు చేసి, పెళ్లీ ఇల్లూ గుర్తొచ్చి వెళ్లిపోతే తప్పెవరిది?

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం వయోజనుల్లో పది శాతానికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. వారిలో అత్యధికులకు చికిత్సే అందడం లేదు. ఎర్రగడ్డ, విశాఖ మానసిక ఆస్పత్రులు ఎంత పెద్దవైనా ఈ భారం మోయలేవు. వైద్యులతో పాటు సామాజిక కార్యకర్తలు, సైకాలజిస్టులు, సంస్థలు నడిపే సమర్థులు ప్రతి జిల్లాలో కావాలి.

రెండు తెలుగు రాష్ట్రాలూ ఇక తాత్సారం చేయరాదు. స్వచ్ఛంద సంస్థలకు ఏడాది గ్రాంటు విదిలించే పద్ధతి మాని, కనీసం ఐదేళ్ల ఒప్పందాలు చేసుకోవాలి. సిబ్బంది జీతాలు అందులో స్పష్టంగా ఉండాలి. జిల్లా ఆస్పత్రుల్లో మానసిక ఆరోగ్య సామాజిక కార్యకర్తలకు పర్మనెంటు పోస్టులు మంజూరు చేయాలి. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో స్వచ్ఛంద సంస్థల ప్రతినిధులకు, జబ్బు అనుభవించినవారికి, వారి సంరక్షకులకు చట్టమే స్థానం కల్పించింది. ఆ సభ్యులెవరో, సమావేశాల్లో ఏం తేల్చారో ప్రజల ముందు పెట్టాలి.

జనాభాకు తగినంత నిపుణుల్ని సమకూర్చేందుకు కృషి చేయాలంటూ చట్టం ప్రభుత్వాలకు పదేళ్ల గడువిచ్చింది. చట్టం అమల్లోకి వచ్చింది 2018 మే 29న. ఆ లెక్కన 2028 మే నాటికి గడువు తీరిపోతుంది. ఆలోగా ఎన్ని పోస్టులు, ఏ జిల్లాలో, ఎంత జీతంతో ఇస్తారో ఇద్దరు ముఖ్యమంత్రులూ వచ్చే బడ్జెట్‌లోనే చెప్పాలి.