పూడిక పుట్టేది బీడులో

మిరుగం తొలి వాన వెలిసిన మర్నాడు పాలమూరు పల్లెల్లో గుట్ట వాలు మీది బీడుకు వెళ్లి వంగి చూడండి. ప్రతి గులకరాయి కింద చిన్న మట్టి దిమ్మె నిలిచి ఉంటుంది. రాయి కాపాడినంత మేర మన్ను మిగిలింది, చుట్టూ ఉన్నది కొట్టుకుపోయింది. గడ్డి దుబ్బుల వేళ్లు బయటపడి ఉంటాయి. వేసవంతా జీవాలు కొరికి, తొక్కి వదిలిన ఎర్ర చెల్క అది. చినుకు దెబ్బకు పైమన్ను చిట్లి సందులు పూడిపోతాయి, ఆరగానే పెచ్చు కడుతుంది. తర్వాతి వాన ఇంకదు, జారిపోతుంది. ఎకరంలో 25 మిల్లీమీటర్లు కురిస్తే లక్ష లీటర్ల నీళ్లు. అందులో సగం పారినా ఒర్రె కోసుకుపోతుంది.

ఆ మన్నంతా చేరేది కింది చెరువులోకే. 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని తలపెట్టింది. మంచి పని. రైతులు పూడిక మట్టిని చేలకు తోలుకున్నారు కూడా. కానీ పూడికను పంపిన బీడు గురించి ఎవరూ అడగలేదు. 2017లో గొర్రెల పంపిణీ వచ్చింది. 75 శాతం సబ్సిడీపై యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు. మంద పెంచారు సరే, మేసే నేలేది?

తప్పంతా గొల్ల కురుమల మీదికి నెట్టడం అన్యాయం. రోహిణి కార్తెలో మేత దొరక్క అల్లాడిన కాపరి, పచ్చిక కనబడగానే మందను తోలక ఏం చేస్తాడు? అయితే ఆ లేత చిగురు పోతే గడ్డి మళ్లీ పుంజుకోదు, వానలు ముదిరేసరికి నేల బోడిగానే ఉంటుంది.

అందుకే తొలి వానల తర్వాత ఐదారు వారాలు వాలు బీళ్లను మూయాలి. ఆ వారాలకు సరిపడా పల్లి పొట్టు, కంది పొట్టు పంచాయతీ ముందే కొని కాపరులకు ఊరికే ఇవ్వాలి. ఖర్చు పూడికతీత పద్దులోంచే రావాలి. వాలుకు అడ్డంగా కందకాలు తీయించడం ఎలాగూ ఉపాధి హామీలో ఉన్నదే. గడ్డి లేకుండా కందకం ఒక్కటే తవ్వితే మాత్రం నాలుగు వానలకే పూడిపోతుంది.

రాయలసీమలో చెన్నేకొత్తపల్లి దగ్గరి కల్పవల్లి బీళ్లలో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కార్చిచ్చు రాకుండా ఏళ్ల తరబడి కాపలా కాశాక బోదగడ్డి తిరిగి లేచింది. అక్కడ మందలను తరిమేయలేదు. మన దగ్గర చెరువు పనుల అంచనా రాసే రోజున, ఆ చెరువు పైవాలులో మేపే కాపరులను పిలిచి కూర్చోబెట్టాలి. ఏ వాలు ముందు మూయాలో, మందకు ఏ దారి వదలాలో చెప్పాల్సింది వాళ్లే.