ఐదు నిమిషాల గోందు

మా ఆపా కొడుకు గోల్కొండ నయాఖిలాలోని గోల్ఫ్ మైదానంలో కాడీ. సాహెబుల సంచులు మోసీ మోసీ, కర్ర విరిగితే ఏం చెయ్యాలో కూడా నేర్చుకున్నాడు. ఇప్పుడు ఇంటి మేడ మీదే పాత షాఫ్ట్ ఊడదీసి కొత్తది వేస్తున్నాడు. దుల్హేభాయికి ఇది పసంద్ లేదు. "వేల రూపాయల పరాయి సామాను. పాడైతే ఎవడు కడతాడు?" అని ఆయన ఫికర్. మొన్న దస్తర్‌ఖాన్ దగ్గర ఫైస్లా నన్ను చెప్పమన్నారు.

నా మాట సాఫ్‌గా చెబుతా. చెయ్యనివ్వండి. ఇందులో జాదూ ఏమీ లేదు. క్లబ్బు తలకుండే గొట్టంలో షాఫ్ట్‌ని పట్టి ఉంచేది ఎపాక్సీ గోందు. వేడి తగిలితే పట్టు వదులుతుంది. మెడ దగ్గరి ప్లాస్టిక్ ఉంగరం, దాన్ని ఫెర్రూల్ అంటారు, ముందు కోసెయ్యాలి. స్టీలు షాఫ్టయితే మంట చూపించి, మెలితిప్పి లాగెయ్యొచ్చు. నజాకత్ అంతా గ్రాఫైట్ దగ్గరే. అది రెజిన్‌తో అతికిన కార్బన్ దారాల గొట్టం. మెలితిప్పితే దారాలు చిట్లుతాయి, వేడి మించితే రెజిన్ ఖరాబ్. హీట్ గన్‌తో కొంచెం కొంచెంగా కాచి, పుల్లర్‌తో తిన్నగా లాగాలి. ఎలాగూ పారేసే షాఫ్టయితే ఇంత నఖ్రా అక్కర్లేదనుకోండి.

కొనేముందు నాప్ చూసుకోవాలి. ఐరన్ల షాఫ్టుల్లో మొన 0.370 అంగుళాలతో సమంగా ఉండేవి ఉన్నాయి, 0.355కి సన్నబడేవీ ఉన్నాయి. వెంట్రుకంత తేడాయే కదా, గోందుతో నింపేద్దాం అనుకుంటే ధోకా.

దుల్హేభాయి భయంలో నిజం లేకపోలేదు. పోయినేడు ఒక సాహెబు జల్దీ జల్దీ అంటే మావాడు ఐదు నిమిషాల్లో గట్టిపడే గోందు రాసి ఇచ్చేశాడు. గొట్టంలో పాత గోందు గీకలేదు. షాఫ్ట్ మొనకి సాండ్‌పేపర్ రుద్దలేదు. మూడో దెబ్బకే ఇనప తల ఊడి, పక్కనున్న ఇంకో కాడీ కుర్రాడి చెవి పక్కనించి దూసుకుపోయింది. ఒక్క బెత్తెడు ఇటు వచ్చుంటే? మావాడు ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

అందుకని హునర్ మాన్పిస్తామా? ఈ ఆటలో స్టీలు షాఫ్టుకి బ్రిటన్‌లో ఇజాజత్ దొరికింది 1929లో. అంతకుముందు అంతా హికరీ కర్రే, చెక్కేదీ అతికేదీ చేతిపనివాళ్ళే. నాలుగుసార్లు ఓపెన్ గెలిచిన ఓల్డ్ టామ్ మారిస్ ఒక నేతగాడి కొడుకు. సెంట్ ఆండ్రూస్‌లో క్లబ్బులు చేసే దుకాణం నడిపాడు. మనవాడు సంచి మోస్తే ఇజ్జత్, రిపేరు చేస్తే ఖతరానా?

నా షర్తు ఒకటే. గోందు కలిపిన టైము చీటీ మీద రాసి క్లబ్బుకి కట్టాలి. ఇరవైనాలుగు గంటలు నిండకుండా ఎంత పెద్ద సాహెబు అడిగినా ఇవ్వకూడదు. పరాయి సామాను అమానత్, దాని పక్కన నిలబడేవాడి ప్రాణం ఇంకా పెద్ద అమానత్. గిరాకీ పోతే పోనీ.

మావాడు తల ఊపాడు. దుల్హేభాయి ఔననలేదు, కాదనలేదు. మేడ మీద ప్లగ్గు వదులుగా ఉంది, ఆదివారం ఎలక్ట్రీషియన్‌ని పిలుస్తానన్నారు.