అనంత యుద్ధం - గుణదోష విచారణ

ప్రాచీన కావ్యాల అధ్యయనంలోనే జీవితంలో అధికభాగం గడిపిన నాకు విజ్ఞాన కల్పనా సాహిత్యం పట్ల, అందులోనూ సైనిక గాథల పట్ల, చాలాకాలం చిన్నచూపు ఉండేది. ఆయుధాల పేర్లూ గ్రహాల పేర్లూ తప్ప వాటిలో మానవ హృదయం కనిపించదని భావించేవాణ్ణి. ఆ భావనను సడలించిన నవల అమెరికన్ రచయిత జో హాల్డెమన్ రచించగా 1974లో వెలువడిన ‘ది ఫరెవర్ వార్’. ఇది నిర్దుష్టమైన రచన కాదు. అయినా అవశ్యం చదవదగినదని నా అభిప్రాయం.

హాల్డెమన్ భౌతిక, ఖగోళ శాస్త్రాలు చదివినవాడు. నిర్బంధ సైనిక సేవలో భాగంగా వియత్నాం యుద్ధానికి వెళ్లి గాయపడి తిరిగి వచ్చినవాడు. ఆ చదువూ ఆ గాయమూ ఈ నవలలో కలిసి ఉన్నాయి. కథానాయకుడు విలియం మండెల్లా భౌతిక శాస్త్ర విద్యార్థి. టారన్లు అనే గ్రహాంతర జీవులతో యుద్ధం చేయడానికి ప్రభుత్వం అతణ్ణి నిర్బంధంగా సైన్యంలో చేర్చుకొంటుంది. కాంతి వేగానికి చేరువైన వేగంతో ప్రయాణించేవారికి కాలం నెమ్మదిగా నడుస్తుందని ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం చెబుతుంది. అందువల్ల మండెల్లాకు కొన్ని సంవత్సరాలు గడిచేలోగా భూమిపై శతాబ్దాలు గడిచిపోతాయి.

ఇటువంటి కాలభేదం మనకు కొత్త కాదు. భాగవతంలో కకుద్మి మహారాజు కుమార్తె రేవతితో బ్రహ్మలోకానికి వెళ్లి, గానం ముగిసేవరకు క్షణకాలం నిరీక్షిస్తాడు. ఆలోగా భూమిపై ఇరవై ఏడు చతుర్యుగాలు గడుస్తాయి. అయితే కకుద్మికి బ్రహ్మదేవుడు కర్తవ్యం బోధించాడు. మండెల్లాకు బోధించేవారెవరూ లేరు. అతడు తిరిగి వచ్చేసరికి తండ్రి మరణించి ఉంటాడు. వృద్ధులకు వైద్యం నిరాకరించే వ్యవస్థలో తల్లి చికిత్స లేక కన్నుమూస్తుంది. తనదనుకొన్న లోకంలో స్థానం లేక అతడు మళ్లీ సైన్యంలోనే చేరుతాడు. యుద్ధం నుండి తిరిగి వచ్చిన సైనికుని ఏకాకితనాన్ని ఒక శాస్త్ర సిద్ధాంతం ద్వారా వ్యక్తం చేయడం ఈ నవలలోని ప్రధాన గుణం.

రెండవ గుణం యుద్ధోన్మాదాన్ని కీర్తించకపోవడం. తొలి పోరాటానికి ముందే అధికారులు సైనికుల మనస్సుల్లో వశీకరణ విద్యతో ద్వేషాన్ని నాటి ఉంచుతారు. సంకేతం వినగానే వారు, సరిగా ప్రతిఘటించడం కూడా తెలియని టారన్లను ఊచకోత కోస్తారు. ఆ తర్వాత మండెల్లా విజయగర్వంతో కాక అపరాధ భావంతో కుమిలిపోతాడు. పదకొండు శతాబ్దాలకు పైగా సాగిన ఆ యుద్ధానికి మూలం అపార్థమేనని, ఒకరి భాష ఒకరికి అర్థం కాకపోవడమే దానిని కొనసాగించిందని చివర తెలుస్తుంది. భాషను బోధించే నన్ను అన్నిటికంటె ఎక్కువగా కదిలించిన అంశమిది.

ఇక దోషాలు. మొదటిది పాత్రపోషణ. మండెల్లా, అతని ప్రియురాలు మేరీగే తప్ప మిగిలిన సైనికులు పాఠకుని మనస్సులో నిలువరు. రెండవది స్త్రీల చిత్రణ. స్త్రీలకు ఆయుధం పట్టడంలో సమానత్వం ఇచ్చిన రచయిత, వారి శరీరాలపై వారి ఇష్టానికి విలువనివ్వని సైనిక నియమాలను సామాన్య విషయాలుగా వర్ణించాడు. భిన్నమైన లైంగిక స్వభావాన్ని జనాభా నియంత్రణకు ప్రభుత్వం మలచిన సాధనంగా చూపడం కూడా నేడు అంగీకరించదగినది కాదు. మూడవది ముగింపు. వెయ్యేళ్ల శత్రుత్వం కొద్ది పుటల వివరణతో సమసిపోతుంది. శత్రువు కూడా మనవంటి జీవియేనని చెప్పదలచిన నవలలో ఒక్క టారన్ అయినా వ్యక్తిగా మన ముందు నిలువకపోవడం పెద్ద లోటు.

దోషాలున్నాయని గ్రంథాన్ని త్రోసివేయడమూ, పురస్కారాలు పొందిందని దోషాలను కప్పిపుచ్చడమూ రెండూ విమర్శ కావు. ఈ నవల నెబ్యులా, హ్యూగో పురస్కారాలు రెండింటినీ పొందింది. నేను చెప్పిన లోపాలు అందువల్ల తొలగిపోలేదు.

విద్యార్థులారా! యుద్ధాన్ని తెరపై ఆటగా చూడడం మీకు అలవాటు. ఆ ఆటలో మరణించినవాడు మరుక్షణం లేచి నిలుస్తాడు. ఈ నవలలో జీవించి తిరిగి వచ్చినవాడు కూడా ఇల్లు చేరలేడు. ఆ భేదం గ్రహించడానికైనా దీనిని ఒక్కసారి చదవండి. చదివిన పిమ్మట నా అభిప్రాయంతో విభేదించినా నాకు సంతోషమే.