సిలోను యుద్ధంలో మన వాటా ఎంత?

"సిలోనులో తమిళులూ సింహళులూ కొట్టుకుచచ్చారు, మధ్యలో మన మిలటరీ పోయి ఇరుక్కుంది. మన కంచిలికీ దానికీ ఏం సంబంధం?" అని మీటింగుల్లో కొందరు అడుగుతుంటారు. సంబంధం ఉందనే మేమంటున్నాం. 26 ఏళ్ళు సాగిన ఆ యుద్ధం 2009 మే నెలలో ముగిసింది. కానీ అది ఎవరికోసం జరిగింది, ఎవరు బలయ్యారు అనే లెక్క తేలలేదు. ఆ లెక్క అడగాల్సింది కింది కులాలవాళ్ళమే.

ముందు కూలీల సంగతి. మన ఉద్దానం తీరం నుంచి తాతలు ఓడలెక్కి రంగం పోయినట్టే, తమిళ జిల్లాల నుంచి లక్షల మందిని తెల్లదొరల కాలంలో సిలోను తోటలకు తోలుకుపోయారు. అందులో ఎక్కువమంది పళ్ళర్లు, పరయ్యర్లు, చక్కిలియర్లు. చక్కిలియర్లలో చాలామంది ఇంటి భాష తెలుగే. 1948లో సిలోనుకు స్వాతంత్ర్యం వచ్చింది. ఆ ఏడే చట్టం చేసి తోట కూలీలను పౌరులు కాకుండా చేశారు. వెనకాలే ఓటూ పోయింది. జాఫ్నా పెద్దల నాయకుడు జి.జి. పొన్నంబలం అదే ఏడు ఆ ప్రభుత్వంలో మంత్రి అయ్యాడు. ఇది తప్పని చెల్వనాయకం బయటికొచ్చి 1949లో వేరే పార్టీ పెట్టాడు. 1964లో మన ప్రధాని శాస్త్రి, వాళ్ళ ప్రధాని సిరిమావో బండారనాయకె ఒప్పందం చేసుకున్నారు. 5,25,000 మంది ఇండియాకు, 3,00,000 మంది సిలోనుకు అని పంచుకున్నారు. మిగిలినవాళ్ళ సంగతి తర్వాత చూద్దామన్నారు. నువ్వెక్కడ ఉంటావురా అని కూలోణ్ణి అడిగిన నాథుడు లేడు.

ఇక జాఫ్నా సంగతి. తమిళులకు జరిగిన అన్యాయం నిజం. దాన్ని కాదనేవాళ్ళం కాదు. 1956లో సింహళం ఒక్కటే రాజభాష అన్నారు. 1983 జూలైలో కొలంబోలో ఓటరు లిస్టులు పట్టుకొని మరీ తమిళుల ఇళ్ళు వెతికి తగలబెట్టారు. మనుషుల్ని రోడ్ల మీద చంపారు. తిరగబడ్డారంటే తిరగబడరా మరి?

అయితే అదే జాఫ్నాలో పంచములకు గుడి లేదు, నుయ్యి లేదు, హోటల్లో అందరితో సమానంగా గ్లాసు లేదు. అంటరానితనం కూడదని 1957లో చట్టం వచ్చినా వెల్లాల పెద్దలు మారలేదు. 1968లో మావిట్టపురం గుడి ముందు పంచములు సత్యాగ్రహం చేయాల్సివచ్చింది. గుడి తలుపులు మూసింది సింహళుడు కాదు, తమిళుడే. అక్కడి దళిత రచయిత కె. డేనియల్ 'పంచమర్' నవల రాసింది ఈ బతుకుల గురించే. తర్వాత పులులు వచ్చారు, తుపాకుల కింద కులం గొడవ అణిగింది. అణగడం వేరు, పోవడం వేరు. 1990 అక్టోబరులో అవే పులులు ఉత్తరాన ఉన్న 70 వేలకు పైగా ముస్లింలను ఇళ్ళనుంచి తరిమేశారు. జాఫ్నా పట్నంలో ఇచ్చిన గడువు రెండు గంటలు. వాళ్ళు మాట్లాడేదీ తమిళమే!

ఇక మన మిలటరీ సంగతి. 1983 తర్వాత తమిళ కుర్రోళ్ళకు తుపాకీ పట్టడం నేర్పింది ఢిల్లీయే. 1987 జూలై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, జయవర్ధనె ఒప్పందం మీద సంతకాలు చేశారు. శాంతి సేన అని పేరుపెట్టి మన జవాన్లను దింపారు. అక్టోబరులో ఆ సేనే పులులతో యుద్ధానికి దిగింది. ఆ నెల 21న, దీపావళి పూట, జాఫ్నా ఆసుపత్రిలోకి చొరబడి డాక్టర్లు, నర్సులు, రోగులతో సహా 60 మందికి పైగా కాల్చేసింది. ఇది శాంతా?

అటు జవాన్ల సంగతీ చూడండి. దాదాపు 1,200 మంది తిరిగి రాలేదు. గాయపడ్డవాళ్ళు వేలల్లో. మన జవాన్లను కొట్టడానికి కొలంబోలో ప్రేమదాస ప్రభుత్వమే పులులకు ఆయుధాలు ఇచ్చింది. ఏ ప్రభుత్వం పిలిస్తే మనవాళ్ళు పోయారో ఆ ప్రభుత్వమే! 1990 మార్చి 24న చివరి దళం ఓడెక్కింది. మద్రాసులో దిగితే ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి రాలేదు. పంపినవాళ్ళకు పట్టలేదు, పిలిచినవాళ్ళకు అక్కర్లేదు.

ఆ సైన్యంలో తెలుగు జవాన్లూ ఉన్నారు. ఎవరి పిల్లలు వాళ్ళు? కంచిలి, సోంపేట, పలాస, టెక్కలి పల్లెల్లో మిలటరీకి పోయేది ఎవరో మనకు తెలీదా? భూమి లేనోడు పోతాడు. 2018లో తిత్లీ తుపాను కొబ్బరినీ జీడినీ కూల్చేస్తే వేరే దారి లేనోడు పోతాడు. సిలోనులో మన పేద కుర్రోడు తుపాకీ ఎక్కుపెట్టింది ఇంకో పేద కుర్రోడి మీదే. సింహళ సైన్యంలో చచ్చినవాళ్ళూ ఎక్కువగా పల్లె పేదలే. చివరి నెలల్లో ముల్లైతీవు ఇసుక మీద చిక్కుకుని చచ్చిన జనం వేలకు వేలు. 40 వేల దాకా ఉండొచ్చని ఐక్యరాజ్యసమితి కమిటీ 2011లో చెప్పింది.

దీన్నిబట్టి మేం చెప్పేదొకటే. ఒక జాతికి అన్యాయం జరిగితే ఆ జాతి పోరాడాల్సిందే. కానీ ఆ జాతిలో అట్టడుగున ఉన్నవాడికి ఈరోజు నుయ్యి ఇవ్వనోడు రేపు రాజ్యం వచ్చాక ఇస్తాడా? న్యాయం చెయ్యడానికి పొరుగుదేశం మిలటరీ వస్తుందనుకోవడమూ భ్రమే. అది వచ్చేది తన లెక్క కోసం. మన భాష, మన ప్రాంతం, మన దేశం అని ఎవరు మన కుర్రోళ్ళను పిలిచినా ఒక్క మాట అడగండి: "అందులో మా పేట ఎక్కడుంది?"

సంఘాల కార్యకర్తలకు ఒక పని చెబుతున్నాం. మీ ఊళ్ళో సిలోను వెళ్ళొచ్చిన మాజీ జవాను ఉంటే అంబేద్కర్ జయంతికి పిలిచి కూర్చోబెట్టండి. దండ వేసి పంపెయ్యకండి. అక్కడ ఏం చూశాడో, ఎవరి మీద కాల్చమన్నారో చెప్పమనండి. మిలటరీ సెలక్షన్లకు పరుగులు తీస్తున్న మన కుర్రోళ్ళను ముందు వరసలో కూర్చోబెట్టండి.