ఎస్‌జీపీటీ నార్మలే... అయినా ఆ ఫైలు బయటికి తీయండి

ఇంట్లో పెద్దాయనకు శుక్లం ఆపరేషన్. ముందుగా చేసిన రక్తపరీక్షల్లో ‘హెచ్‌సీవీ పాజిటివ్’ అని వచ్చింది. అందరికీ గుండె జారింది. వెంటనే కాలేయ పరీక్ష చేయించారు. ఎస్‌జీపీటీ 32. పక్కనే ల్యాబ్ అచ్చువేసిన పరిమితి 40. ‘హమ్మయ్య, లివర్ బాగానే ఉంది’ అనుకున్నారు. ఆపరేషన్ అయింది, ఫైలు బీరువాలోకి వెళ్లింది. మీ ఇంట్లోనూ అలాంటి ఫైలు ఉంటే, ఈ నాలుగు మాటలూ మీకోసమే.

ఎస్‌జీపీటీ కాలేయ కణాల్లో ఉండే ఎంజైమ్. కణాలు దెబ్బతింటే రక్తంలోకి వస్తుంది. వైరస్ ఉందో లేదో అది చెప్పదు. ఇన్నేళ్లలో కాలేయం ఎంత గట్టిపడిందో కూడా చెప్పదు. దీర్ఘకాలిక హెపటైటిస్-సి ఉన్నవారిలో దాదాపు నాలుగో వంతు మందికి ఇది నార్మల్‌గానే ఉంటుంది. వీరిలో ఎక్కువమందికి కాలేయం పెద్దగా దెబ్బతినని మాట నిజమే. కానీ అందరికీ కాదు. సిరోసిస్ వచ్చినా ఎస్‌జీపీటీ నార్మల్‌గా కనిపించేవారున్నారు. పైగా ఆ అంకె ఒక నెల పెరుగుతుంది, మరో నెల తగ్గుతుంది. ఒక్క రిపోర్టు చూసి ఊరట పడటం ఏం లెక్క?

ఒకప్పుడు వైద్యులే ‘ఎంజైమ్ నార్మల్, చికిత్స వద్దు’ అనేవారు. 1997లో అమెరికాలో నిపుణుల సమావేశం కూడా అదే చెప్పింది. అప్పటికది సబబే. ఉన్న మందు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు. నెలల తరబడి జ్వరం, నీరసం, కుంగుబాటు. ఇంతా చేసి నయమయ్యేది కొందరికే. ఇప్పుడు సొఫోస్‌బువిర్ వంటి మాత్రలు, సాధారణంగా 12 వారాలు వేసుకుంటే నూటికి 95 మందికి పైగా వైరస్ పూర్తిగా పోతోంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో పరీక్షలు, మందులు ఉచితం. మందు మారింది. పాత సలహా మాత్రం కొన్ని ఇళ్లలో ఇంకా చెలామణీ అవుతోంది!

పాజిటివ్ అనగానే వైరస్ ఇంకా ఉన్నట్టు కాదు. కొందరిలో అది దానంతటదే పోతుంది, యాంటీబాడీలు మాత్రం మిగులుతాయి. తేల్చేది హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. అందులోనూ వైరస్ కనిపిస్తే, కాలేయం ఎంత గట్టిపడిందో ఫైబ్రోస్కాన్‌తో చూస్తారు. మాత్రలు మొదలుపెట్టే ముందు హెపటైటిస్-బి పరీక్ష కూడా తప్పనిసరి. అది దాగి ఉంటే చికిత్సతో పైకి లేవొచ్చు. పసరు మందులతో కాలయాపన చేయకండి. ఇది కామెర్లు రాకుండానే ఏళ్ల తరబడి ఉండిపోయే జబ్బు.

ఈ వైరస్‌ను గుర్తించిందే 1989లో. అంతకుముందు, ఆ తర్వాత తొలి ఏళ్లలో ప్రసవానికో, ప్రమాదానికో రక్తం ఎక్కించుకున్నవారు, డయాలసిస్‌పై ఉన్నవారు ఒకసారి పరీక్ష చేయించుకోవాలి. ఎస్‌జీపీటీ ఎంత ఉన్నా సరే.

ఇక పెద్దాయనకు విడిగా కంచం, గ్లాసు పెట్టేశారా? తీసేయండి. కలిసి తింటే, తాకితే ఇది రాదు. రేజరు, టూత్ బ్రష్ మాత్రం ఎవరివి వారికే. చికిత్స పూర్తయ్యాక 12 వారాలకు మరోసారి ఆర్‌ఎన్‌ఏ పరీక్ష ఉంటుంది. అప్పటికే సిరోసిస్ ఉన్నవారు మాత్రం వైరస్ పోయినా ఆరు నెలలకోసారి స్కానింగ్‌కు వెళ్తూనే ఉండాలి.