ఇల్లంతా తెలుగులో చెప్పండి

"మీ ఇల్లు ఎలా ఉంది?" అని ఎవరైనా తెలుగులో అడిగితే మనలో చాలామంది "బాగుంది" అని ఊరుకుంటాం. ఇంకా అడిగితే దేవుడి మూల గురించి చెప్తాం. దానికి మన దగ్గర మాటలు ఉన్నాయి: దీపం, కుంది, గంట, పసుపు, కుంకుమ, తోరణం. ఆ మూల దాటి సోఫా దగ్గరికి రాగానే తెలుగు ఆగిపోతుంది. మిగతా ఇల్లంతా ఇంగ్లీషులోకి వెళ్ళిపోతుంది.

ఇది మార్చుకోవాలని నా అభిప్రాయం. ఇంట్లో ఒక్క మూలకే తెలుగు సరిపోతే, మన తెలుగు కూడా షెల్ఫ్ మీద పెట్టిన బొమ్మలాంటిది అవుతుంది. పండగకి దించి తుడుస్తాం, మళ్ళీ అక్కడే పెట్టేస్తాం. ఇల్లు చెప్పడం నేర్చుకుంటే మొత్తం ఇల్లు చెప్పడం నేర్చుకోవాలి. కార్పెట్, రేడియేటర్, ఐకియా అలమారా, వెనక ఉన్న పచ్చగడ్డి, అన్నీ.

మా అమ్మమ్మ బందరు దగ్గర ఉంటుంది. విమానం ఎక్కి రెడింగ్ వచ్చే ఓపిక ఇప్పుడు లేదు. వీడియో కాల్ ఉంది కదా అంటారు. నిజమే, కానీ ఫోన్ పట్టుకుని గదులన్నీ తిప్పి చూపిస్తే అమ్మమ్మకి కళ్ళు తిరుగుతాయి. "ఆ, బాగుందిలే అమ్మా" అంటుంది. అదే నోటితో చెప్తే ప్రశ్నలు మొదలుపెడుతుంది. గుమ్మం ఏ దిక్కు? వంటిల్లు ఏ వైపు? ఎండ ఎక్కడ పడుతుంది? బట్టలు ఎక్కడ ఆరేస్తారు? ఇక్కడ ఇల్లు అమ్మేవాళ్ళు తోట దక్షిణం వైపు ఉందని గొప్పగా రాస్తారు. అమ్మమ్మకి గుమ్మం తూర్పుకి ఉందా లేదా అనేదే కావాలి. ఇలాంటి మాటలు చూపిస్తే రావు, చెప్తే వస్తాయి.

పుస్తకంలో ఇల్లు, మన ఇల్లు

తెలుగు నేర్పే పుస్తకాల్లో "మా ఇల్లు" అనే పాఠం తెరిస్తే పెంకుటిల్లు, అరుగు, వసారా, పెరడు, బావి కనిపిస్తాయి. ఇంగ్లండులో వరస ఇళ్ళలో ఉండేవాళ్ళం ఇవి మనకి ఎందుకులే అని పేజీ తిప్పేస్తాం. తిప్పకండి. ఆ మాటల్లో సగం మన ఇటుక ఇళ్ళకి చక్కగా సరిపోతాయి.

గుమ్మం అంటే తలుపు ఉండే చోటు. గడప అంటే కింద మనం దాటే పట్టీ. ప్లాస్టిక్ తలుపుకీ కింద ఆ పట్టీ ఉంటుంది. దాన్ని గడప అనడానికి చెక్క అక్కర్లేదు.

పెరడు అంటే ఇంటి వెనక ఖాళీ స్థలం. మన బ్యాక్ గార్డెన్ అదే. అక్కడ కరివేపాకు బతకదు, పుదీనా మాత్రం ఆపినా ఆగదు.

అటక నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట. తెలుగు ఇళ్ళలో పైకప్పు కింద పాత సామాను దాచే చోటుని అటక అంటారు. మన లాఫ్ట్ చేసే పని కూడా అదే. ఖాళీ సూట్‌కేసులు, క్రిస్మస్ చెట్టు, ఎవరూ వాడని పెద్ద ఇత్తడి గిన్నెలు అక్కడే ఉంటాయి. "అటక మీద పెట్టాను" అంటే అమ్మమ్మకి ఇంకేమీ వివరించనక్కర్లేదు.

గూడు అంటే పక్షి గూడు ఒక్కటే కాదు. పాత ఇళ్ళలో దీపం పెట్టడానికి గోడలో వదిలిన చిన్న ఖాళీని కూడా గూడు అంటారు. పాత ఇంగ్లీషు ఇళ్ళలో పొగగొట్టం గోడ ముందుకు వస్తుంది, దాని రెండు పక్కలా లోపలికి ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని నేను "పెద్ద గూడు" అంటాను. మా దేవుడి పటాలు ఒక గూట్లో, పుస్తకాలు ఇంకో గూట్లో ఉన్నాయి.

సరిపోని మాటలూ ఉన్నాయి. అరుగు అంటే గుమ్మం పక్కన కూర్చుని వీధితో మాట్లాడే గట్టు. మా వీధిలో అలాంటిది లేదు, కాబట్టి ఆ మాట వాడను. ఫైర్‌ప్లేస్‌ని పొయ్యి అనొద్దు. ముందు గదిలో పొయ్యి ఉందంటే వినేవాళ్ళు అక్కడ వంట చేస్తారనుకుంటారు. ఫైర్‌ప్లేస్ అనే చెప్పి, "చలికాలంలో మంట వేసుకునే చోటు" అని ఒక ముక్క కలపండి.

సోఫా, కార్పెట్, రేడియేటర్ లాంటి వాటికి సంస్కృతం మాటలు వెతకొద్దు. కుర్చీ అరబ్బీ నుంచి వచ్చింది. అలమారా పోర్చుగీసు నుంచి వచ్చింది. ఇప్పుడు వాటిని ఎవరూ పరాయి మాటలు అనుకోరు. సోఫా కూడా అంతే.

అలంకరణ కాదు, సర్దుకోవడం

నిఘంటువులో "డెకరేషన్"కి అలంకరణ అని ఉంటుంది. కానీ మామూలు మాటల్లో అలంకరణ దేవుడికి చేస్తారు, పెళ్ళికూతురికి చేస్తారు, పెళ్ళి మండపానికి చేస్తారు. "మా గృహాలంకరణ శైలి" అంటే బడిలో రాసిన వ్యాసంలా ఉంటుంది. ఇంటి గురించి అయితే "ఇల్లు సర్దుకున్నాం" అంటారు. ఇందులో శుభ్రం చేయడం, వస్తువులకి చోటు చూడడం, మనకి నచ్చినట్టు చేసుకోవడం మూడూ ఉన్నాయి. ఎవరి ఇల్లైనా నచ్చితే "ఇల్లు పొందిగ్గా సర్దుకున్నారండి" అనండి. వాళ్ళు నిజంగా సంతోషిస్తారు.

ఇంగ్లీషు పత్రికల్లో స్టైల్స్‌కి పేర్లు ఉంటాయి. తెలుగులో అలాంటి పేర్ల పట్టిక లేదు. దాని బదులు ఇల్లు చూడగానే ఎలా అనిపిస్తుందో చెప్పే మాటలు ఉన్నాయి: నిండుగా, బోసిగా, కళగా, ఇరుగ్గా, సాదాగా, చిందరవందరగా. వీటిలో బోసి అనే మాటని జాగ్రత్తగా చూడండి. నగలు లేని మెడ బోసి, పళ్ళు లేని నోరు బోసి, పటం లేని గోడ కూడా బోసి. తెల్ల గోడలు, ఒక్క కుర్చీ ఉన్న గది ఇంగ్లీషులో ఫ్యాషన్. తెలుగులో "బోసిగా ఉంది" అంటే ఏదో లోటు ఉన్నట్టు. మీకు ఖాళీ గోడలే ఇష్టమైతే "సాదాగా ఉంచుకున్నాం" అనండి. అప్పుడు అది మీరు కావాలని చేసింది అని తెలుస్తుంది.

క్రియలు ఇంకా ముఖ్యం. మనం అన్నిటికీ "ఉంది, ఉంది, ఉంది" అంటాం. తప్పు కాదు, కానీ ఇల్లు గోదాములా వినిపిస్తుంది. వేయడం అనే ఒక్క క్రియ ఎంత పని చేస్తుందో చూడండి. గోడలకి రంగు వేశాం. కిటికీలకి కర్టెన్లు వేశాం. ముందు గదిలో సోఫా వేశాం. పై గదిలో మంచం వేశాం. చీకటి పడితే లైటు వేస్తాం. గుమ్మం ముందు ముగ్గు వేశాం, వాన వచ్చి కడిగేసింది. తర్వాత మిగతావి: కార్పెట్ పరిచాం, తోరణం కట్టాం, గడియారం తగిలించాం. ఇంకో చిన్న తేడా ఉంది. బల్లి గోడ మీద ఉంటుంది, పటం గోడకి ఉంటుంది. అద్దె ఇంట్లో మేకు కొట్టనివ్వరు కాబట్టి మా పటాలు అతికించే కొక్కేలకి ఉన్నాయి.

"ఇంగ్లీషు ఇల్లు కదా?"

కొందరు నాతో ఇలా అంటారు: ఇల్లు ఇంగ్లీషు ఇల్లు, వస్తువులు ఇంగ్లీషు వస్తువులు, వాటిని తెలుగులో చెప్పడం నటన కాదా? కొండపల్లి బొమ్మల గురించి తెలుగులో చెప్పు, సోఫా గురించి ఇంగ్లీషులో చెప్పు, అది సహజం కదా?

ఈ వాదనలో ఏది ఇంగ్లీషు, ఏది మనది అని గీత గీయొచ్చనే నమ్మకం ఉంది. ఆ గీత నాకు కనపడదు. చింట్జ్ సంగతే తీసుకోండి. పూల తీగల కర్టెన్లు, పూల సోఫా కవర్లు, ఇంగ్లీషు ముసలమ్మ ఇల్లు అనగానే గుర్తొచ్చేవి అవే. 1996లో ఐకియా చింట్జ్‌ని బయట పారేయమని బ్రిటన్‌లో ఒక పెద్ద ప్రకటన వేసింది. దేశమంతటికీ అర్థమైంది, ఎందుకంటే అది అంత ఇంగ్లీషు వస్తువు అయిపోయింది.

కానీ ఆ మాట హిందీ "ఛీంట్" నుంచి వచ్చింది. ఆ బట్ట ఎక్కువగా కోరమాండల్ తీరం నుంచి వచ్చింది, అంటే మన తెలుగు తీరం, కింద తమిళ తీరం. ఇంగ్లీషు కంపెనీ 1611లోనే మచిలీపట్నంలో దుకాణం పెట్టింది. మచిలీపట్నం అంటే అమ్మమ్మ చెప్పే బందరే. ఈ అద్దకం బట్ట ఇక్కడ ఎంత నచ్చిందంటే, ఇక్కడి నేతవాళ్ళు గొడవ చేశారు, పార్లమెంటు 1721లో చట్టం చేసి రంగుల అద్దకం నూలు బట్టని ఒంటి మీదా, ఇంట్లో సామాను మీదా వాడకూడదంది. 1775లో డేవిడ్ గారిక్ అనే పేరున్న నటుడి ఇంటికి కలకత్తా నుంచి కానుకగా మంచం తెరలు వచ్చాయి. కోరమాండల్ తీరంలో చేసినవి. కస్టమ్స్ వాళ్ళు పట్టుకున్నారు. ఇప్పుడు అవి లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.

బందరు పక్కన పెడనలో ఇప్పటికీ చెక్క అచ్చులతో కలంకారీ అద్దుతారు. కరక్కాయ నీళ్ళలో బట్ట నానబెడతారు. ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టి నల్ల రంగు చేస్తారు. మా సోఫా మీద పరిచింది అక్కడి దుప్పటే. అమ్మమ్మ దాన్ని కలంకారీ అని కూడా అనదు, "అద్దకం దుప్పటి" అంటుంది. ఆ దుప్పటి కింద ఉన్న సోఫా ఇంగ్లీషు, పైన ఉన్నది తెలుగు అని నేను ఎలా చెప్పను? పక్కింటి ఆవిడ కర్టెన్ల మీద పూలు కూడా ఆ తీరం నుంచి వచ్చిన పూల వంశమే.

అందుకే "మా ఇల్లు ఇంగ్లీషు ఇల్లు, ఒక మూల మాత్రం ఇండియన్" అని చెప్పడం మానేద్దాం. ఇల్లు ఒక్కటే. దాన్ని ఇంగ్లీషులో మొత్తం చెప్పగలం, తెలుగులో కూడా మొత్తం చెప్పగలగాలి.

ఈ వారం ఒక పని చేయండి. దేవుడి మూల, వంటిల్లు రెండూ వదిలేసి, మీ ఇంట్లో అన్నిటికన్నా మామూలు గది ఎంచుకోండి. ఆ గది గురించి ఐదు వాక్యాలు చెప్పండి. "ఉంది" ఒక్కసారే వాడండి. మిగతా నాలుగు వాక్యాల్లో వేశాం, కట్టాం, తగిలించాం, పరిచాం, సర్దాం, వీటిలో ఏవైనా రానివ్వండి. ఒక వస్తువు ఎవరు తెచ్చారో చెప్పండి. ఒక దిక్కు చెప్పండి. తర్వాత రాసుకున్నది పక్కన పెట్టి, ఫోన్ కెమెరా ఆపేసి, మీ ఇల్లు చూడని పెద్దవాళ్ళు ఎవరికైనా చెప్పండి. వాళ్ళు ప్రశ్న అడిగితే ఇల్లు వాళ్ళకి కనపడుతున్నట్టే.