నిలబడే ఉన్నాం

మీరు మా షాపుకు వచ్చారు. రాలేదనకండి. ఆషాఢం డిస్కౌంట్లకు కాకపోతే శ్రావణ శుక్రవారానికి, అదీ కాకపోతే ఎదురింటి గృహప్రవేశంలో పెట్టడానికి ఓ చీర కోసమైనా వచ్చే ఉంటారు. తలుపు దగ్గర రెండు చేతులూ జోడించి 'నమస్కారమండీ, రండి' అన్న మనిషిని నేనే. మీరు పలకలేదు. ఏసీ హాయిగా ఉందనుకుంటూ లిఫ్టు వైపు వెళ్లిపోయారు.

ఆ నమస్కారం సంగతి పోనీయండి. రోజుకు రెండు మూడొందల సార్లు పెడతాం కాబట్టి అందులో మా భక్తి కూడా అంతంతమాత్రమే. నా కోపం దాని గురించి కాదు, కాళ్ల గురించి.

పదిహేడేళ్లు ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పాను. 2020 మార్చిలో స్కూలు మూతపడింది, జీతం ఆగిపోయింది. మరుసటి ఏడు ఏప్రిల్లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తానంది. రేషన్ షాపు ముందు లైన్లో మా లెక్కల సారు నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు, నేనూ తిప్పుకున్నాను. స్కూలు మళ్లీ తెరిచాక నాకంటే తక్కువ జీతానికి వచ్చే కుర్ర టీచర్లు దొరికారు యాజమాన్యానికి. కొన్నాళ్లు ట్యూషన్లు చెప్పాను. చివరికి 2024 ఆషాఢానికి ముందు, నలభై నాలుగో ఏట, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపులో చేరాను. జీతం 13,000. ఇంటర్వ్యూ చేసినాయన, నా కొడుకంత వాడు, "ఇంగ్లిషు రాకపోయినా ఫరవాలేదు మేడమ్, నవ్వడం వస్తే చాలు" అన్నాడు. నవ్వడానికేం భాగ్యం అనుకున్నాను. కాళ్ల సంగతి ఆయన ఎత్తలేదు, నాకూ అడగాలని తోచలేదు. పాఠం నిలబడే చెప్పేదాన్ని కదా! కానీ క్లాసులో కుర్చీ ఉండేదన్న సంగతి, అది లేని చోటికి వెళ్లాక గుర్తొచ్చింది.

పొద్దున పదింటికి ఫ్లోర్ మీదికి వస్తే రాత్రి తొమ్మిదిన్నరకు షట్టర్ దించే దాకా నిలబడే ఉంటాం. మధ్యలో అరగంట భోజనం, అదీ సెల్లార్లో అట్టపెట్టెల మధ్య. కౌంటర్‌కు అవతల మీకు మెత్తటి స్టూళ్లు ఉంటాయి. మీ ఆయనలు ఫోన్లు చూసుకోవడానికి లిఫ్టు పక్కన పెద్ద సోఫా ఉంటుంది. కౌంటర్‌కు ఇవతల మాత్రం ఒక పీట కూడా ఉండదు. కస్టమర్ లేని మధ్యాహ్నం మూడు గంటలప్పుడు కూడా కూర్చోకూడదు, పైన కెమెరా ఉంది. అందుకని మేమందరం ఒక విద్య నేర్చుకున్నాం. ఒక కాలు కింది అరలోకి తోసి బరువంతా రెండో కాలి మీద వేస్తాం, పావుగంటకోసారి కాలు మారుస్తాం. రాత్రి ఎనిమిది దాటితే పాదం చెప్పులో పట్టదు.

పిక్కల మీద నరాలు నీలంగా పైకి తేలాయి. డాక్టరు చూసి, వెరికోస్ వెయిన్స్, ఎక్కువసేపు నిలబడే పని మానెయ్యండి అన్నాడు. మందులతోపాటు ఇంకో ఉద్యోగం కూడా ఆ చీటీ మీదే రాసివ్వమన్నాను. ఆయనకు నవ్వొచ్చింది. ఈఎస్ఐ ఉంది కదా అంటారు. ఉంది. నెలకు 98 రూపాయలు కోస్తారు. ఆ ఆస్పత్రికి వెళ్లిన రోజు జీతం 433 రూపాయలు కూడా కోస్తారు.

బాత్రూమ్ సెల్లార్లో ఉంది, చెప్పి వెళ్లాలి. మగపిల్లవాడైన ఫ్లోర్ ఇన్‌చార్జికి ఆడవాళ్లం రోజుకు ఎన్నిసార్లు చెబుతాం? అందుకని నీళ్లు తాగడం తగ్గించాం. నేను చేరిన వారానికే పక్క కౌంటర్ అక్క ఇచ్చిన మొదటి సలహా అదే: "బాటిల్ నింపుకో, కానీ గొంతు తడుపుకునేంతే తాగు."

చీరలు విప్పించి కొనలేదని నాకు మీమీద కోపం లేదు. అరవై చీరలు విప్పించి 'మళ్లీ వస్తాం' అని లేచిపోయినా మీ ఇష్టం. చీర ఎంచుకోవడంలో ఉన్న సరదా నాకూ తెలుసు. గద్వాలకూ వెంకటగిరికీ తేడా అడిగితే ఇప్పటికీ ఉత్సాహంగానే చెబుతాను. కానీ నా భుజం మీద కొంగు వేసి చూపిస్తున్నప్పుడు మీ చూపు అంచు మీద నడిచి, జరీ మీద ఆగి, నా మెడ దగ్గర తిరిగి వెనక్కి పోతుంది. ఇంకో జానెడు పైకి రాదు. అద్దం ముందు స్టాండ్ ఒకటి నిలబడి ఉన్నట్టే మీకు.

నేను చేరిన ఆషాఢంలోనే ఒక ఆదివారం. మెట్ల మీద కూడా జనం. మా కౌంటర్‌లో ఇరవై మూడేళ్ల పిల్ల, నల్గొండ వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటోంది, పొద్దున్నుంచి ఏమీ తినలేదు. సాయంత్రం ఆరింటికి పై అర నుంచి పట్టుచీరల కట్ట దించుతూ కుప్పకూలింది. కౌంటర్ ముందు నాలుగు స్టూళ్లు, నాలుగింటి మీదా మనుషులు. ఒక్కరు లేవలేదు. ఒకావిడ వంగి, "అయ్యో అయ్యో, ఆ గులాబీరంగు చీర మీద కాలు పడుతోంది, తీయండి" అంది. ఆమె పక్కనున్నావిడ నావైపు చేయి ఊపి, "మరి మాకెవరు చూపిస్తారు?" అంది. ఇన్‌చార్జి వచ్చి ఆ పిల్లను రెండు రెక్కలు పట్టి అరల వెనక్కి ఈడ్చాడు, కస్టమర్లకు కనబడకూడదని. నేను నీళ్లు చల్లుతుంటే నెమ్మదిగా, "మేడమ్, కౌంటర్ ఖాళీగా ఉంది" అన్నాడు. వెళ్లాను. గులాబీరంగు చీర దులిపి విప్పి చూపించాను. నవ్వాను కూడా. థూ, నా నవ్వు.

ఆ నలుగురూ రాక్షసులేమీ కాదు. దారిలో కుక్కపిల్ల కుంటుతుంటే కారు ఆపే మనుషులే అయ్యుంటారు. అంతెందుకు, ఇరవయ్యేళ్లు నేనూ ఆ స్టూళ్ల మీదే కూర్చున్నాను. నా పెళ్లిచీర చూపించినావిడ మొహం ఎంత గుర్తుచేసుకున్నా రావడం లేదు. చీర అంచు మాత్రం దారం దారంగా గుర్తుంది.

మా అమ్మతో పత్తర్‌గట్టీ వెళ్లిన రోజులు గుర్తున్నాయి. చెప్పులు బయట విడిచి తెల్లటి దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చునేవాళ్లం. ఎదురుగా గుమస్తా కూడా అదే పరుపు మీద బాసింపట్టు వేసుకుని చీరలు విసిరేవాడు. సేటు గల్లా దగ్గర చేరగిలబడి ఉండేవాడు. ఆ గుమస్తాకు జీతమెంతో, ఇంట్లో పొయ్యి ఎలా వెలిగేదో నాకు తెలియదు, స్వర్ణయుగం అనను. కానీ కూర్చుని బేరం చేసినంత మాత్రాన ఆయన మమ్మల్ని లెక్కచేయలేదని మా అమ్మ ఏనాడూ అనుకోలేదు. పరుపు పోయి గాజు కౌంటర్ వచ్చింది, కూర్చోవడం పూర్తిగా మీ వాటాలోకి పోయింది.

ఈ తీరు మార్చే చోట మార్చారు. కోళికోడ్ మిఠాయి వీధి దుకాణాల్లో ఆడవాళ్లకు బాత్రూమ్ లేకపోతే, విజి అనే టైలరమ్మ వాళ్లను కూడగట్టి 'పెణ్‌కూట్టు' అనే సంఘం పెట్టింది. బాత్రూమ్‌తో మొదలైన గొడవ కూర్చునే హక్కు దాకా వెళ్లింది. 2018లో కేరళ ప్రభుత్వం షాపుల చట్టాన్ని సవరించి, సిబ్బందికి కూర్చునే ఏర్పాటు ఉండాలని రాసింది. 2021లో తమిళనాడు కూడా అదే పని చేసింది. అసలు నిలబడి పనిచేసేవాళ్లకు వీలున్నప్పుడు కూర్చునే సదుపాయం ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే, 44వ సెక్షన్‌గా రాశారు. డెబ్బై ఏళ్లు దాటినా ఆ మాట ఫ్యాక్టరీ గేటు దాటి మా మూడో అంతస్తుకు ఎక్కలేదు. మాలాంటి షాపు పనివాళ్ల మీద వసంతబాలన్ తీసిన తమిళ సినిమా 'అంగాడి తెరు' (2010) తెలుగులో 'షాపింగ్ మాల్' పేరుతో వచ్చినప్పుడు నేనూ చూసి, కొంగుతో కళ్లొత్తుకున్నాను. తర్వాత వచ్చిన దసరాకు చీర కొనుక్కున్నాను. ఎవరు చూపించారో? చెప్పాను కదా, గుర్తులేదు.

ఆ పిల్ల పడిపోయిన మర్నాడు మేనేజర్ దగ్గరికి వెళ్లాను. ఫ్లోర్‌కు రెండు స్టూళ్లు, అంతే అడిగాను. ఆయన అరవలేదు, టీ తెప్పించాడు కూడా. "నాకేం అభ్యంతరం లేదు మేడమ్. కానీ కస్టమర్ వచ్చేసరికి స్టాఫ్ కూర్చుని ఉంటే వాళ్లకు బాగోదు కదా" అన్నాడు. విన్నారా? మీకు బాగోదట. మిమ్మల్ని ఎవరు అడిగారు, మీరు ఎప్పుడు చెప్పారు? మీ పేరు చెప్పి మా కాళ్లు వాయగొడుతుంటే కాదని ఒక్క మాట అనరేం? బిల్లు కట్టాక 'ఫీడ్‌బ్యాక్ ఇవ్వండి' అని ట్యాబ్ ముందుకు జరుపుతారు. చుక్కలు నొక్కుతారు, పార్కింగ్ చాలదని రాస్తారు, కాఫీలో చక్కెర ఎక్కువని రాస్తారు. ఈ షాపులో పనిచేసేవాళ్లు కూర్చోవడం మాకు కనబడలేదేమిటని రాసినవాళ్లు ఒక్కరుంటే చూపించండి! నామీద మాత్రం ఒకటి వచ్చింది: 'మూడో ఫ్లోర్‌లో పెద్దావిడ నవ్వడం లేదు.' ఆ నెల ఇన్సెంటివ్ పోయింది.

కింద షోకేసులో ఒక పెళ్లికూతురి బొమ్మ ఉంటుంది. ఎర్ర మఖ్మల్ కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. మొన్న దాని చీర మార్చమన్నారు. ఎత్తి గోడకు ఆనించి పాత చీర విప్పాను. కొత్త కంచిపట్టు కుచ్చిళ్లు పట్టడానికి చోటు లేక, లేదా ఆ సాకుతో, ఖాళీ అయిన కుర్చీలో కూర్చున్నాను. చీర ఒళ్లో వేసుకుని మడత మీద మడత పెడుతూ, కదిలితే కుర్చీ పోతుందేమో అన్నట్టు బిగుసుకుని కూర్చున్నాను. అద్దం బయట ఒకావిడ ఆగింది. అంచు చూసింది, కొంగు చూసింది, ధర చీటీ కోసం వంగి వెతికింది. లోపలికొచ్చి తలుపు దగ్గరున్న పిల్లను అడిగింది:

"ఆ బొమ్మ ఒళ్లో ఉన్న చీర ఎంతమ్మా?"